ఇటలీ వెళ్లేముందు: పలకరింపులు, మర్యాదలు, తిండి, ఇంకొన్ని అలవాట్లు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "హైదరాబాద్‌లో ఇటాలియన్ ఎ2 (భాషా స్థాయిల్లో రెండో మెట్టు) దాకా నేర్చుకున్నాను. సెప్టెంబరులో ఉత్తర ఇటలీలోని పాదోవాలో మాస్టర్స్‌లో చేరుతున్నాను. వ్యాకరణం పర్వాలేదు గానీ అక్కడి మనుషులతో ఎలా మసలుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ముందే తెలుసుకోవాల్సినవి చెప్పగలరా?"

నేను పాదోవా దగ్గరే చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్లకీ పంజాబీవాళ్లకీ ఇటాలియన్ చెప్పడం నా పనిలో ఒక భాగం. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ఎ2 వచ్చిందంటే మొదటి నెలలకు సరిపడా భాష మీ దగ్గర ఉన్నట్టే. వెళ్లేలోపు ఇంకో భూతకాలం నేర్చేసుకోవాలని కూర్చోకండి. క్రియారూపం తప్పయితే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. కొట్లోకి నోరు మెదపకుండా వెళ్లి, నోరు మెదపకుండా బయటికొస్తే మాత్రం పట్టించుకుంటారు. మన కిరాణా కొట్లో "అర కిలో కందిపప్పు ఇవ్వండి" అంటాం, అంతే. ఆ "అండి"లోనే మర్యాద అంతా ఇమిడిపోతుంది కాబట్టి వేరే పలకరింపు అక్కర్లేదు. ఇటాలియన్‌లో అది విడిగా, ముందే, పైకి చెప్పాలి. గుమ్మం దాటగానే "బువన్‌జోర్నో". పని అడగడం ఆ తర్వాత. ఏమీ కొనకపోయినా బయటికి వచ్చేటప్పుడు "అర్రివెదేర్చి". లిఫ్ట్‌లో ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కినా, డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూములోకి అడుగుపెట్టినా ఇదే పద్ధతి. అక్కడ కూర్చున్న పదిమందీ ఒక్క గొంతుతో తిరిగి పలకరిస్తారు, మళ్లీ ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు.

మధ్యాహ్నం తర్వాత "బువన్‌జోర్నో" నుంచి "బువనసేరా"కి ఎప్పుడు మారాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. టస్కనీలో భోజనం కాగానే మారతారు, ఇంకో చోట సాయంత్రం దాకా ఆగుతారు. అవతలివాళ్లు ఏదంటే అదే తిరిగి అనేయండి. "చావ్" స్నేహితులకూ పిల్లలకూ మాత్రమే. బ్యాంకులో, ఆఫీసులో వద్దు. ఎటూ తేలకపోతే "సాల్వే" ఉంది, ఎవరికి చెప్పినా చెల్లుతుంది.

ఇక అసలు విషయం, "తు", "లేయ్". నువ్వు, మీరు లాంటివే కదా అని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. మనం "మీరు" అనేది వయసునీ హోదానీ బట్టి. సొంత బాబాయినీ మావగారినీ మీరంటాం, చిన్న కుర్రాడు చాయ్ తెస్తే చాలామంది నువ్వనేస్తారు. ఇక్కడ లెక్క పరిచయాన్ని బట్టి. అమ్మమ్మని "తు" అంటారు, అత్తగారినీ చాలా ఇళ్లలో "తు" అనే అంటారు. రెస్టారెంట్‌లో వడ్డించే ఇరవై ఏళ్ల అమ్మాయిని, బస్సు డ్రైవర్‌ని, మెట్లు తుడిచే మనిషిని "లేయ్" అనాలి. పనివాళ్లని "తు" అనడం మీకు తెలియకుండానే అలవాటుగా వచ్చేస్తుంది, చూసుకోండి. ఇక్కడ అది చాలా మొరటుగా వినిపిస్తుంది.

మీ క్లాసులో మాత్రం మొదటి నిమిషం నుంచే అందరూ "తు". తోటి విద్యార్థికి పదేళ్లు ఎక్కువున్నా సరే. అక్కా, అన్నా అని వరసలు కలపడం ఉండదు. పక్కింటి పెద్దావిడని ఆంటీ అనే అర్థంలో "జీయా" అని పిలిస్తే ఆవిడ తెల్లబోతుంది. "సిన్యోరా" చాలు. "లేయ్" నుంచి "తు"కి మారే చొరవ పెద్దవాళ్లది, లేదా పైహోదాలో ఉన్నవాళ్లది. "దియామొచి దెల్ తు" అని వాళ్లే అంటారు. ఒకసారి మారాక మళ్లీ "లేయ్" అన్నారంటే కోపం వచ్చిందనుకుంటారు.

దీని వెనక చిన్న చరిత్ర ఉంది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం "లేయ్" పరాయిదని, బానిస బుద్ధికి గుర్తని ముద్రవేసి, దాని బదులు "వోయ్" వాడాలని ఆఫీసుల మీద రుద్దింది. ప్రభుత్వం పోయింది, "లేయ్" నిలిచింది. నేపుల్స్ వైపు పెద్దల్ని "వోయ్" అనడం ఇప్పటికీ వింటారు. అది ఆ ప్రభుత్వం నేర్పింది కాదు, అంతకుముందు నుంచీ ఉన్న అలవాటే.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. కొన్ని కౌంటర్ల దగ్గర తెల్లగా కనిపించే మనిషిని "లేయ్" అని, మన రంగు మనిషిని నేరుగా "తు" అనేవాళ్లు తగులుతారు. నాకూ జరిగింది. గొంతు పెంచక్కర్లేదు. మీరు మాత్రం "లేయ్" వదలకుండా, నెమ్మదిగా, పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ పోండి. చాలామంది రెండో మూడో వాక్యానికి సర్దుకుంటారు. సర్దుకోనివాళ్లతో పని చేయించుకుని వచ్చేయడమే.

యూనివర్సిటీలో "సర్", "మేడమ్" ఉండవు. "ప్రొఫెస్సోరె", "ప్రొఫెస్సొరెస్సా" అంటారు. మెయిల్ "జెంతీలె ప్రొఫెస్సొరెస్సా" అని ఇంటిపేరుతో మొదలుపెట్టి "కొర్దియాలి సలూతి" అని ముగించండి. డిగ్రీ పాసైన ప్రతివాళ్లూ ఇక్కడ "దొత్తోరె" లేదా "దొత్తొరెస్సా", వైద్యులే కానక్కర్లేదు. పరీక్షలు చాలావరకు నోటితోనే, ఎదురుగా కూర్చుని. మార్కులు 30కి, 18 వస్తే పాస్. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ రాసుకునే వీలు చాలా కోర్సుల్లో ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరూ చేసేదే. క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవడం కూడా ఇక్కడి ఆచారమే, దానికి "అకడెమిక్ పావుగంట" అని పేరు కూడా ఉంది.

పలాజ్జో బో అనే పాత యూనివర్సిటీ భవనం ముందు ఒక రోజు మీకొక విచిత్రం కనిపిస్తుంది. తలకు లారెల్ ఆకుల కిరీటం, పిచ్చి వేషం, గోడకు తన బొమ్మతో తన గుట్టంతా రాసిన పెద్ద పోస్టరు. పట్టా పుచ్చుకున్న అమ్మాయి దాన్ని గట్టిగా చదువుతుంది, తప్పు చదివితే స్నేహితులు మందు తాగిస్తారు, మధ్యమధ్యలో పచ్చి బూతు పాట అందుకుంటారు. అమ్మానాన్నలు పక్కనే నవ్వుతూ నిలబడి ఉంటారు. 1222లో మొదలైన యూనివర్సిటీ, 1678లో ఎలేనా కొర్నారో పిస్కోపియాకి పట్టా ఇచ్చిన చోటు. ప్రపంచంలో డాక్టరేట్ అందుకున్న మొదటి మహిళగా చెప్పుకునేది ఆవిడనే. అంత ఘనత ఉన్న గుమ్మం ముందు ఈ గోల ఏంటి అని నాకు మొదట్లో అనిపించేది. ఇప్పుడు నేనూ ఆగి చదువుతాను.

బార్ అంటే మందు దుకాణం అనుకోకండి. పొద్దున కాఫీ తాగేది అక్కడే, ఎక్కువమంది కౌంటర్ దగ్గర నిలబడే తాగుతారు. కూర్చుంటే చాలాచోట్ల రేటు పెరుగుతుంది. "కఫ్ఫే" అంటే రెండు గుక్కల చిక్కటి ఎస్‌ప్రెస్సో. "లాత్తె" అని అడిగితే ఉత్త పాలు తెచ్చిపెడతారు, మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా కావాలంటే "కఫ్ఫెలాత్తె" అనండి. స్టేషన్లలో, రద్దీ బార్లలో ముందు క్యాషు దగ్గర డబ్బు కట్టి ఆ చీటీ కౌంటర్ మీద పెట్టాలి. కప్పుచ్చీనో ఉదయం తాగేది. భోజనమయ్యాక అడిగితే ఇస్తారు, కాకపోతే ఒక చూపు చూస్తారు. పాదోవాలో పెద్దలు చెప్పే మాట ఒకటుంది: ఈ ఊళ్లో పేరు లేని సెయింటు, గడ్డి లేని మైదానం, తలుపులు లేని కఫే ఉన్నాయని. సెయింటు అంతోనీ, ఊళ్లో అందరూ "ఇల్ సాంతో" అనేస్తారు. మైదానం ప్రాతో దెల్లా వల్లే. కఫే పెద్రోక్కీ, 1831లో తెరిచారు, 1916 దాకా రాత్రీ పగలూ మూసింది లేదు.

సాయంత్రం క్లాసువాళ్లు స్ప్రిట్జ్ అనే మందు పానీయానికి రమ్మంటారు. అందులో పోసే అపెరోల్ అనే మద్యం పుట్టింది ఈ ఊళ్లోనే, 1919లో. మందు తాగకపోతే మానేసి ఇంట్లో కూర్చోకండి, స్నేహాలన్నీ కుదిరేది అక్కడే. "ఉన్ అనల్కోలికో" అనండి, అదే రంగులో మందు లేనిది వస్తుంది. ఎందుకు తాగవని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు తక్కువ. బిల్లు తలా ఇంత పంచుకుంటారు. పుట్టినరోజు నాడు మాత్రం పుట్టినరోజు వాళ్లే అందరికీ ఇప్పిస్తారు. ఇంకో మాట, పుట్టినరోజుకు ముందు రోజే శుభాకాంక్షలు చెప్పకండి. అపశకునం అంటారు, కొందరు నిజంగానే ముఖం మాడ్చుకుంటారు.

ఇక తిండి. ఇటలీలో శాకాహారానికి లోటేమీ లేదు గానీ "సోనో వెజెతారియానా" అని ఊరుకుంటే సరిపోదు. మాంసం వద్దంటే ట్యూనా పెట్టేవాళ్లున్నారు, సన్నగా తరిగిన హామ్ ముక్కల్ని మాంసం కింద జమకట్టని పాతకాలపు వంటవాళ్లూ ఉన్నారు. మాంసం, చేప, హామ్, గుడ్డు అని విడివిడిగా చెప్పండి: "నోన్ మాంజో కార్నె, పెషె, ప్రొషూత్తో, ఉవోవా." ఆ తర్వాత "బ్రోదో", అంటే వంటలో పోసే ఉడికించిన రసం సంగతి అడగాలి. కూరగాయల రిసోత్తో (బియ్యంతో చేసే వంటకం) అని మెనూలో ఉంటుంది, ఉడికించేది మాంసం నీళ్లలో అయి ఉంటుంది. చిక్కుడు గింజల సూపులో పంది కొవ్వు వేయడం ఈ వైపు మామూలే. రొమాన్యా ప్రాంతపు రొట్టె పియదీనాలో "స్త్రుత్తో" ఉంటుంది, అదీ పంది కొవ్వే. ఆలివ్ నూనెతో చేసినది విడిగా దొరుకుతుంది, అడగాలి.

గుడ్డు తినరు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. పాకెట్‌లో వచ్చే ఎండు స్పగెత్తి, పెన్నె మామూలుగా గోధుమ రవ్వా నీళ్లే. తాల్యతెల్లె, లసాన్యా లాంటి తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. స్వీట్లలో అయితే తీరమిసూలో పచ్చి గుడ్డు, పన్న కొత్తాలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటాయి. పార్మిజానోలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే "కాల్యో" వాడతారు, అది ఆ చీజ్ నియమాల్లోనే ఉంది. ఇది తెలిశాక తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. మనవాళ్లు రెండు రకాలవాళ్లూ ఉన్నారు, ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటారు. పొలెంతా (మొక్కజొన్న పిండి సంకటి), రదిక్యో (చేదుగా ఉండే ఎర్రటి ఆకుకూర), వంకాయ, గుమ్మడికాయ, మరినారా పిజ్జా ధైర్యంగా తినండి. "పెపెరోని" అని చూసి కంగారుపడకండి, ఇక్కడ అది బెంగుళూరు మిరపకాయే.

కూరగాయలు కొనడానికి పియాజ్జా దెల్లె ఎర్బె, దాని పక్కన పియాజ్జా దెయ్ ఫ్రుత్తి ఉన్నాయి. రెండింటికీ మధ్యలో సలోనె అనే 13వ శతాబ్దపు భవనం. పొద్దున్నే వెళ్లండి. టమాటా నొక్కి చూడటం, బీన్స్ తుంచి చూడటం ఇక్కడ కుదరదు. చేయి పెట్టారంటే "సిన్యొరీనా, తాకకండి" అని అందరి ముందే అంటారు. "మి దీకా" (చెప్పండి) అని అమ్మేవాళ్లే అడుగుతారు, మీరు చెబుతారు, వాళ్లే ఏరి సంచిలో వేస్తారు. పీచ్ పళ్లో పుచ్చకాయో అడిగితే "ఇవాళ తింటారా, రేపా?" అని అడుగుతారు. నిజం చెప్పండి, దాన్ని బట్టే పండు ఎంచుతారు. "ఇంకా?" అంటే "బాస్తా కొసీ, గ్రాత్సియె" (అంతే, థాంక్స్). బేరం లేదు. నాలుగు వారాలు ఒకే బండి దగ్గరికి వెళ్తే మాత్రం కొత్తిమీరకి దగ్గరి చుట్టం లాంటి "ప్రెజ్జేమొలో" కట్ట ఊరికే పడేస్తారు. సూపర్‌మార్కెట్‌లో పద్ధతి వేరు. ప్లాస్టిక్ గ్లోవ్ తొడుక్కుని మీరే ఏరుకుని, చాలాచోట్ల మీరే తూకం వేసి స్టిక్కర్ అతికించాలి.

క్యూ అనేది కంటికి కనిపించకపోవచ్చు, అయినా ఉంటుంది. టోకెన్ యంత్రం లేని చోట జనం చెల్లాచెదురుగా నిలబడి ఉంటారు. వెళ్లగానే "కి ఎ లూల్తిమో?" (చివర ఎవరు?) అని అడగండి. ఎవరో చెయ్యెత్తుతారు. ఆ మనిషి తర్వాత మీరు, అంతే. మీ తర్వాత వచ్చినవాళ్లు అడిగితే మీరు చెయ్యెత్తాలి.

తల ఊపడం గురించి ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను. వింటున్నాను, సరే అన్నట్టు మనం తలని అటూ ఇటూ ఆడిస్తాం కదా, ఇక్కడ అది "కాదు"గానే అందుతుంది. ప్రొఫెసర్ వివరిస్తుంటే మీరు అలా ఊపుతారు, ఆయన అర్థం కాలేదనుకుని మళ్లీ మొదటికొస్తాడు. ఇంటి ఓనరు అద్దె చెబుతుంటే ఊపితే ఒప్పుకోలేదనుకుంటుంది. కిందికీ పైకీ ఊపడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, నోటితో కూడా "సి, సి" అంటూ ఉండండి. ఇటలీ దక్షిణాదివాళ్లు తల వెనక్కి విసిరి నాలుకతో "త్చ్" అంటారు, అంటే వద్దని, లేదని. వేళ్లన్నీ ఒకచోట చేర్చి చెయ్యి ఊపడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది "ఏంటసలు?" అని కాస్త చిరాగ్గా అడగడం. మీరు వాడకండి, పరాయివాళ్లు చేస్తే వెక్కిరింపులా ఉంటుంది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే వట్టి చేతుల్తో వెళ్లకూడదు. స్వీట్ షాపులో చిన్న పేస్ట్రీలు ట్రేలో కట్టించుకుని వెళ్లండి. పూలు తీసుకెళ్లాలనిపిస్తే ఏవైనా సరే, చామంతులు మాత్రం వద్దు. మనకి గుమ్మానికి కట్టే శుభమైన పువ్వు, ఇక్కడ సమాధుల మీద పెట్టే పువ్వు. నవంబరు 2న, చనిపోయినవాళ్లని తలుచుకునే రోజున, శ్మశానాలన్నీ వాటితోనే నిండిపోతాయి. ఇంట్లో కాలుపెట్టేటప్పుడు, ఎదురొచ్చి రమ్మన్నా సరే, "పెర్మెస్సో" (రావచ్చా) అనాలి. చెప్పులు విప్పాలా అని అడగండి, చాలా ఇళ్లలో అక్కర్లేదంటారు. మీ ఫ్లాట్ బయట మెట్ల మీద చెప్పుల వరస పెట్టారో, అపార్ట్‌మెంట్ మేనేజర్ నుంచి కాగితం వస్తుంది. భోజనం దగ్గర అందరికీ వడ్డించేదాకా ఆగి, "బువొనప్పెతీతో" అన్నాక మొదలుపెట్టాలి. స్పగెత్తిని కత్తితో కోయకండి. చివర్లో మిగిలిన సాస్‌ని రొట్టెముక్కతో ఊడ్చుకోవడాన్ని "స్కార్పెత్తా" అంటారు. ఇళ్లలో అది వంట చేసినవాళ్లకి మెచ్చుకోలు, ఖరీదైన రెస్టారెంట్‌లో మానేస్తే మంచిది.

శకునాలు వీళ్లకీ ఉన్నాయి. 13 కంటే 17కి ఎక్కువ భయపడతారు, 17వ తేదీ శుక్రవారం వస్తే మరీ. దిష్టి తగలకుండా ఇనుము ముట్టుకుంటారు. పరీక్షకి వెళ్తుంటే "ఇన్ బొక్కా అల్ లూపో" (తోడేలు నోట్లోకి) అంటారు. దానికి థాంక్స్ చెప్పకూడదట, "క్రేపి" (అది చావాలి) అనాలి. తోడేలు చావాలని ఎందుకు కోరుకోవడం అని ఇప్పటి కుర్రకారు "వీవా ఇల్ లూపో" (తోడేలు బతకాలి) అంటున్నారు. తడి జుట్టుతో బయటికి వెళ్తే మీ ఇంటి ఓనరు మీ అమ్మకంటే ఎక్కువ కంగారుపడుతుంది.

వేళల విషయం. చిన్న కొట్లు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా మూసేస్తారు. ఆదివారం ఊరు నిద్రపోతుంది, కొన్ని సోమవారం పొద్దున కూడా తెరవవు. ఆగస్టు 15 ఫెర్రగోస్తో అనే సెలవు, ఆ చుట్టుపక్కల వారాల్లో మంగలి దగ్గర్నుంచి మెకానిక్ దాకా అందరూ సముద్రం దగ్గరే ఉంటారు. రైళ్ల సమ్మె ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో అయితే ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్లు కొన్నయినా నడవాలని నియమం ఉంది.

వచ్చిన 8 పనిదినాల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలి. ఆ కిట్ పోస్టాఫీసులో ఇస్తారు. దానికి అంటించే 16 యూరోల స్టాంపు పోస్టాఫీసులో కాదు, "టి" అక్షరం బోర్డు ఉన్న పొగాకు దుకాణంలో దొరుకుతుంది. బస్సు టికెట్లు కూడా అక్కడే. ఇంకో శుభవార్త: 1975 నాటి ఆరోగ్యశాఖ ఉత్తర్వు వల్ల ఇక్కడ ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూములో బిదే (కడుక్కోవడానికి వాడే తొట్టి) ఉంటుంది. మగ్గు మోసుకురావడం మీ ఇష్టం.

చివరగా, మాట్లాడటం. పాదోవా విద్యార్థుల ఊరు, మీరు తడబడగానే ఇంగ్లీషులోకి దూకేస్తారు. సాయం చేద్దామనే, తక్కువ చేసి కాదు. "పొస్సియామొ పర్లారె ఇతలియానో? స్తో ఇంపరాందో" (ఇటాలియన్‌లో మాట్లాడుకుందామా? నేర్చుకుంటున్నాను) అనండి, సంతోషంగా వెనక్కి వస్తారు. ముసలివాళ్ల మాట అర్థం కాకపోతే మీ ఇటాలియన్‌ని అనుమానించకండి, వాళ్లు మాట్లాడేది వెనెతో, ఈ ప్రాంతపు సొంత భాష. 1861లో దేశం ఒకటైనప్పుడు జనంలో నూటికి రెండున్నర మందికే ఇటాలియన్ వచ్చని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్కవేశాడు, ఎక్కువగా లెక్కవేసిన ఇంకో భాషావేత్త కస్తెల్లానీ కూడా పదిమంది దగ్గరే ఆగాడు. వెనెతో మీరు నేర్చుకోనక్కర్లేదు, వింటే చాలు. వాళ్లనే మళ్లీ నెమ్మదిగా చెప్పమంటే ఇటాలియన్‌లో చెబుతారు. కోర్సు కావాలంటే యూనివర్సిటీ భాషా కేంద్రంలో ఉంటాయి, రాగానే పేరు ఇచ్చేయండి.

గది దొరికిందో లేదో మీరు రాయలేదు. ఇంకా దొరక్కపోతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఆ పని చూడండి, సెప్టెంబరు వచ్చేసరికి పాదోవాలో గది దొరకడం చాలా కష్టం.